ఇఫ్తార్‌కు ఇంటి జిలేబీ

రంజాన్ మాసం వచ్చిందంటే మేడ్చల్ బస్టాండు పరిసరాల్లో సాయంకాలపు రూపే మారిపోతుంది. అస్ర్ నమాజు ముగిసిన కొద్దిసేపటికే తోపుడు బండ్లు వరుస కడతాయి. ఒకదాని మీద పుచ్చకాయ ముక్కలు, ఒకదాని మీద మిర్చీలు, సమోసాలు, ఆ చివర వెడల్పాటి కడాయిలో జిలేబీ. అటు శామీర్‌పేటలో కరీంనగర్ రోడ్డు పక్కన కూడా ఇదే దృశ్యం. ఈ రెండు ఊళ్ళ చుట్టూ కార్ఖానాలు పెరిగి ఉత్తరప్రదేశ్, బీహార్ల నుండి కార్మికులు వచ్చి స్థిరపడిన తరువాత జిలేబీ పండుగకే పరిమితమైన మిఠాయిగా మిగల్లేదు. వాళ్ళకది ఉదయపు ఫలహారం. పెరుగుతో కూడా తింటారు! మొదట చూసినప్పుడు మేము ఆశ్చర్యపోయాము గాని, తిని చూశాక నోరు మూసుకున్నాము.

మా దగ్గర చదువుకునే కుర్రవాడు ఒకడు ఆ మధ్య తన ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. పాశ్చాత్య దేశాల్లో ప్రెట్‌జెల్ అనే వంటకం ఉన్నదట. పిండిని తాడులా సాగదీసి ముడివేసి, కాల్చో వేయించో, చక్కెర చల్లి, పక్కన చిన్న గిన్నెలో పెట్టిన తీపి సాస్‌లో ముంచుకుని తింటారు. ఆ ముడి ప్రార్థనలో కట్టుకున్న చేతుల ఆకారమని ఐరోపా వాళ్ళు కథ చెప్పుకుంటారు. "ఉస్తాద్, ఇది మన ఇళ్ళల్లో చేసుకోలేమా?" అని అడిగాడు. "మీ నానీ చేసేది చూడలేదా బేటా? మెలి తిప్పి, నూనెలో వేయించి, తీపిలో ముంచేది మన దగ్గర ఏనాటి నుండో ఉన్నది" అన్నాము. వాడు జిలేబీ అని పోల్చుకోవడానికి క్షణం పట్టింది. ఉర్దూలో వంకర మనిషిని "జలేబీ లాగా తిన్ననివాడు" అని ఎగతాళి చేస్తారు గదా! వాడికి ఆ బిరుదు మేమే ఎన్నోసార్లు ఇచ్చి ఉన్నాము.

జిలేబీ అన్న మాట అరబ్బీలోని జలాబియా నుండి ఫార్సీ మీదుగా మనకు వచ్చింది. పదో శతాబ్దంలో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాఖ్ బగ్దాదు వంటలను గురించి కూర్చిన గ్రంథంలో జలాబియా చేసే పద్ధతులున్నాయి. అంతకు ముందు తొమ్మిదో శతాబ్దపు కవి ఇబ్న్ అర్ రూమీ జలాబియా వేసే వాడి మీద పద్యమే చెప్పాడు. మన దేశంలో 1450 ప్రాంతంలో జినసూరుడనే జైన రచయిత ఒక ధనిక వర్తకుని విందు గురించి రాస్తూ జిలేబీని పేర్కొన్నాడు. ఈనాటికీ ఇరాన్‌లో జూల్బియా, అల్జీరియాలోని బుఫారిక్‌లో జ్లాబియా రంజాన్ దస్తర్‌ఖాన్ మీద ఉండవలసిందే. దక్షిణాదిన మినపపిండితో చేసే జాంగ్రీ దీనికి దగ్గరి చుట్టం. కాని మినప్పప్పు నానబెట్టి రుబ్బాలి. అది తీరిక ఉన్నవారి పని. మేమిక్కడ చెప్పబోయేది తీరిక లేనివారి జిలేబీ.

మేము వంట గురించి రాయడమేమిటని మమ్ము ఎరిగిన పాఠకులు నవ్వుకోవచ్చు. సంగతి ఇది. 2023 రంజాన్ మొదటి వారంలో మా శ్రీమతి ఇంటి వెనుక తడి బండల మీద జారిపడింది. కుడి చేతి మణికట్టు విరిగింది. కట్టు వేసి నెలన్నర కదపవద్దన్నారు. కూతురు అత్తవారింట ఉన్నది. ఇంట్లో మేము, ఇద్దరు కుమారులు. ఇద్దరికీ బియ్యం కడగడం కూడా సరిగా రాదు. పెంచింది మేమే గనుక వాళ్ళను అనవలసింది లేదు.

ఆ సాయంకాలం మొదటిసారి అస్ర్ తరువాత మేము పొయ్యి ముందు నిలబడ్డాము. అంతకుముందు ఇరవై అయిదేళ్ళుగా ఆ గంటన్నర సేపు మా చేతిలో తస్బీహ్ ఉండేది. మస్జిదులోనో వరండాలోనో కూర్చుని జిక్ర్ చేసుకునేవారము. ఇఫ్తార్ వేళ ఉపవాసి చేసే దుఆ తిరస్కరించబడదని హదీసులలో ఉన్నది. మేము ఎన్నో జుమా ప్రసంగాలలో ఆ మాట చెప్పి ఉన్నాము. వంటింట్లో నూనె చిటపటలు వినిపిస్తుండేవి. ఆ చప్పుడు మాకు హాయిగా ఉండేది, ఎందుకంటే దాని వెనుక పకోడీలు వస్తాయి. మార్చి ఎండలో, ఎండిన గొంతుతో, కాగుతున్న నూనె ముందు నిలబడడమంటే ఏమిటో ఆ రోజే తెలిసింది. ఇరవై నిమిషాలకే కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాము. మా శ్రీమతి పీట మీద కూర్చుని సూచనలు ఇస్తూనే మమ్ము చూసి నవ్వింది. అప్పుడు అడిగాము, "ఇన్నేళ్ళూ ఇఫ్తార్ దుఆ ఎప్పుడు చేసుకునేదానివి?" అని. ఆమె తేలికగానే జవాబిచ్చింది. "అజీ, అజాన్ వినబడగానే నోట్లో ఖర్జూరం వేసుకుని, ఆఖరి వాయి తిప్పేదాన్ని. దుఆ ఆ గంటెతోనే."

మాకు చప్పున ఒక పాఠం గుర్తుకొచ్చింది. రోజా ఉన్నవారు కూర రుచి చూడవచ్చునా అన్న మస్అలా హనఫీ ఫిఖ్హ్ గ్రంథాలలో ఉన్నది. అనవసరంగా చూస్తే మక్రూహ్. అవసరముంటే నాలుక కొసతో చూసి ఉమ్మివేయవచ్చు, మింగరాదు. అవసరమంటే ఏమిటి? భర్త దురుసు స్వభావం గలవాడై, ఉప్పు తగ్గితే రభస చేసేవాడైతే అది భార్యకు సాకుగా చెల్లుతుందని ఫుఖహా రాశారు. ఈ మస్అలా మేము ఎన్ని సంవత్సరాలు పిల్లలకు చెప్పామో! ప్రతి సంవత్సరం ఆ చోటికి రాగానే తరగతిలో నవ్వులు. మేమూ నవ్వేవాళ్ళమే. ఆ పండితులు ఎన్ని ఇళ్ళ వంటగదులను ఎరిగి ఆ వాక్యం రాశారో మాకు తట్టలేదు. ఉపవాసికి ఇఫ్తార్ పెట్టినవారికి కూడా అంతే పుణ్యమన్న మాట నిజమే. కాని ఆ మాటను మనం వంటింటి తలుపు బయటి నుండి మూయడానికి వాడుకున్నామేమో అని మాకు అనుమానం. దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి సేవలో ఉండేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (ర) చెప్పినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది. అది కూడా మేము బోధించినదే.

ఇక జిలేబీ ఎందుకు? మిగతా నూనె వంటలన్నీ వేడివేడిగా అజాన్ ముందు నిమిషంలో దించితేనే బాగుంటాయి. చల్లారిన పకోడీ ఎవరు ముట్టుకుంటారు? జిలేబీ అలా కాదు. దాని పనిని రోజంతటికీ పంచుకోవచ్చు. పిండి ఫజ్ర్ దగ్గర, పాలు పొద్దున్నే, పాకం అస్ర్ కాగానే. పొయ్యి ముందు నిలబడేది అరగంట మాత్రమే. ఆ అరగంట కూడా ఇఫ్తార్‌కు ముప్పావు గంట ముందే అయిపోతుంది. పైగా రుచి చూడవలసిన అవసరమే లేదు. పిండి వాసనతో తెలుస్తుంది, పాకం వేళ్ళతో తెలుస్తుంది, నూనె చెవికి తెలుస్తుంది. రోజా ఉన్నవారికి ఇంతకంటే అనుకూలమైన మిఠాయి మాకు కనబడలేదు.

ఆరేడుగురున్న ఇంటికి పావుకిలో మైదా చాలు. అందులో రెండు పెద్ద చెంచాల శనగపిండి, చిటికెడు పసుపు, ఒక టీ కప్పు పుల్లని పెరుగు వేసి, నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు లేకుండా ఒకే దిశలో బాగా కలపాలి. దోసెల పిండి కన్నా కాస్త చిక్కగా ఉండాలి. గరిటె ఎత్తితే తెగకుండా రిబ్బనులా జారాలి. ఒక చెంచా కాచిన నెయ్యి కలిపితే జిలేబీ కరకరలాడుతుంది. సహరీ ముగిసి ఫజ్ర్‌కు లేచే లోపల ఇది కలిపి మూత పెట్టండి. ఎండాకాలంలో జుహర్ వేళకే పైన బుడగలు కనిపించి పుల్లని వాసన వస్తుంది. అప్పుడు ఫ్రిజ్ ఉన్నవారు అందులో పెట్టి, వేయించడానికి అరగంట ముందు తీయాలి. లేనివారు ఫజ్ర్‌కు బదులు కాస్త పొద్దెక్కాక కలుపుకుంటే సరి. చలికాలపు రంజాన్‌లోనైతే తరావీహ్ తరువాతే కలపాలి. పొద్దున మరచిపోయారా? పావు చెంచా వంటసోడా వేసి పదిహేను నిమిషాలు ఆగితే పని జరుగుతుంది. కాని ఆ పులుపు రాదు. జిలేబీకి ప్రాణం ఆ పులుపే.

ఇక్కడ ఒక మాట. పులిసిన పిండి తినవచ్చునా, అది మత్తు పదార్థం లాంటిది కాదా అని ఒకరిద్దరు మమ్ము అడిగారు. అరబ్బీలో మద్యాన్ని ఖమ్ర్ అంటారు, పులిసిన పిండిని ఖమీర్ అంటారు, స్త్రీలు తలపై కప్పుకునే వస్త్రాన్ని ఖిమార్ అంటారు. మూడింటికీ ధాతువు ఒకటే, కప్పడం అని అర్థం. మాట చుట్టమైనంత మాత్రాన హుకుం ఒకటి కాదు. మనం తినే ఖమీరీ రొట్టె, ఇడ్లీ, దోసె అన్నీ ఖమీరే. నిశ్చింతగా తినండి.

పాకానికి అరకిలో చక్కెర, దాంట్లో సగం నీళ్ళు. ఉర్దూలో షీరా అంటాము. చక్కెర కరిగి ఉడుకుతుండగా నాలుగు యాలకులు దంచి వేయాలి. కుంకుమపువ్వు ఉంటే నాలుగు రేకులు, లేకుంటే లేదు. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఒక చుక్క తీసుకుని మెల్లగా విడదీస్తే ఒక్క తీగ సాగాలి. అంతే, దించేయండి. రెండో తీగ వచ్చిందంటే ముదిరినట్టు. అది జిలేబీలోకి దిగదు, పైన గడ్డకడుతుంది. దించగానే ఒక చెంచా నిమ్మరసం పిండండి. ఆ పులుపు చక్కెరలో కొంత భాగాన్ని విడగొట్టి, చల్లారాక మళ్ళీ పలుకులు కట్టకుండా ఆపుతుంది. ఈ నిమ్మకాయ రహస్యం మాకు మా శ్రీమతి చెప్పింది, కారణం మాత్రం మా పెద్దవాడి రసాయనశాస్త్రం పుస్తకంలో దొరికింది.

ముంచుకోవడానికి పాలు. ప్రెట్‌జెల్ వాళ్ళ సాస్ గిన్నెకు ఇది మన జవాబు. అర లీటరు చిక్కని పాలు సన్నని సెగ మీద మూడో వంతుకు వచ్చేదాకా మరిగించి, అంచులకు కట్టిన మీగడను గీకి మళ్ళీ పాలలో కలుపుతుండాలి. చక్కెర వేయవద్దు. జిలేబీలోని తీపికి ఈ చప్పదనమే జోడీ. నానబెట్టి సన్నగా తరిగిన బాదంపప్పు నాలుగు వేస్తే అది షాహీ అవుతుంది. పొద్దున పూట, ఇంకా ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే ఈ పని ముగించి చల్లార్చి పెట్టుకోవాలి.

వేయించడానికి లోతైన కడాయి పనికిరాదు. అడుగు చదునుగా, వెడల్పుగా ఉన్న గిన్నె కావాలి. నూనె ఒక అంగుళం లోతు చాలు. హల్వాయీలు చిల్లి పెట్టిన గుడ్డలో పిండి పోసి పిండుతారు. అది చేయి తిరిగినవారి పని. మనకు టమాటా సాస్ వచ్చే మెత్తని సీసా ఉన్నది, ముక్కు సన్నగా ఉన్నది. బాగా కడిగి ఆరబెట్టి అందులో పిండి నింపండి. అది లేకపోతే కడిగిన పాల ప్యాకెట్ మూలను సన్నగా కత్తిరించుకోండి. మా చిన్నవాడు పాల ప్యాకెట్‌తోనే నేర్చుకున్నాడు. అయితే ప్లాస్టిక్ నూనెకు తగలకూడదు, జానెడు ఎత్తున ఉంచాలి.

నూనెలో పిండి చుక్క వేస్తే అడుగుకు పోయి, వెంటనే సన్నగా గలగలమంటూ పైకి రావాలి. అడుగునే కూర్చుంటే నూనె కాగలేదు. చివ్వున నల్లబడితే ఎక్కువ కాగింది. మధ్య నుండి బయటికి మూడు చుట్లు తిప్పి, చివర ఒక అడ్డగీత గీస్తే విడిపోదు. మొదట్లో గుండ్రంగా రాదు. రాకపోతే ఏం? మా మొదటి వాయిలో ఒకటి తేలులా, ఒకటి నస్తాలీఖ్‌లో రాసిన నూన్ అక్షరంలా వచ్చాయి. రుచికి చూపు లేదు. పిండి నూనెలో పరచుకుపోతుంటే పలచనైందని గుర్తు, ఒక చెంచా మైదా కలపండి. తాడులా లావుగా నిలబడి లోపల పచ్చిగా ఉంటే చిక్కనైందని గుర్తు, చెంచా నీళ్ళు కలపండి. రెండు వైపులా బంగారు రంగు రాగానే ఝారాతో తీసి, నూనె ఓడ్చి, నేరుగా పాకంలో వేయాలి. పాకం గోరువెచ్చగా ఉండాలి. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. చల్లని పాకం జిలేబీ లోపలికి పోదు, మరుగుతున్న పాకం దాన్ని మెత్తబరుస్తుంది. అరనిమిషం ఉంచి, తిప్పి, మరో అరనిమిషం ఉంచి తీసి వెడల్పాటి పళ్ళెంలో ఒకదాని మీద ఒకటి పడకుండా పరచండి. కుప్ప పోస్తే ఆవిరికి మెత్తబడిపోతాయి.

బజారు జిలేబీ వద్దని మేము అనము. ఆ బండివాడికీ పిల్లలున్నారు, అతడికీ ఇఫ్తార్ ఉన్నది. అయితే ఇంట్లో రెండు సంగతులు మన చేతిలో ఉంటాయి. ఒకటి రంగు. పసుపు, కుంకుమపువ్వులతో వచ్చే లేత రంగు చాలు. బజారులో కంటికి కొట్టే పసుపు రంగును చూసి మోసపోనవసరం లేదు. మెటానిల్ ఎల్లో వంటి రంగులకు ఆహారంలో అనుమతే లేదు. రెండోది నూనె. పదేపదే కాచిన నూనెలో పేరుకునే విరిగిన పదార్థాలు 25 శాతం దాటితే దానిని వాడరాదని జాతీయ ఆహార భద్రతా సంస్థ నిబంధన తెచ్చింది, 2018 జూలై 1 నుండి అది అమలులోకి వచ్చింది. ఇంట్లో శాతాలు కొలవలేము. ఒకసారి వేయించిన నూనెను వడకట్టి రెండు మూడు రోజుల్లో కూరలకు వాడి ముగించేస్తే చాలు. నల్లబడి, నురుగు కట్టి, జిగురుగా ఉన్నదాన్ని పారబోయడానికి మనసు రాదు గాని పారబోయండి.

చక్కెర వ్యాధి ఉన్నవారికి ఇది కాదు. మా అన్నగారికి మేము ఒక్క చుట్టు విరిచి ఇస్తాము, దానికే ఆయన మొహం వికసిస్తుంది. మిగిలిన పాకాన్ని పారబోయవద్దు. నిమ్మరసం, నీళ్ళు కలిపితే మరునాటి షర్బత్ అది. మిగిలిన పిండి ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంటుంది, కాస్త పులుపెక్కుతుంది. జిలేబీ మాత్రం ఆ రోజుదే. కనుక అస్ర్ వేళ వేయించిన వెంటనే ఇరుగుపొరుగుకు పళ్ళేలు పంపేయడం మంచిది. మా పక్కింటి అమ్మగారు ఎప్పుడూ పళ్ళెం ఖాళీగా తిప్పి పంపరు. ఆ సంవత్సరం ఆమె తోట మామిడికాయలు వచ్చాయి. "అయ్యగారు వేశారా!" అని ఆమె ఆశ్చర్యపోయిందని చిన్నవాడు వచ్చి చెప్పాడు. మాకు కొంచెం గర్వం కలిగిన మాట దాచము.

ఆ మొదటి రోజు ఆరు గంటలకు పది నిమిషాల ముందే పొయ్యి ఆర్పేశాము. పెద్దవాడు దస్తర్‌ఖాన్ పరిచాడు. మా శ్రీమతి వచ్చి కూర్చున్నది. కట్టు వేసిన చేతిని ఎడమ చేతితో పట్టుకుని ఎత్తి, దుఆలో చాలాసేపు ఉండిపోయింది. ఏమి అడిగిందో మేము అడగలేదు. మస్జిదు మైకులో మొదటి తక్బీర్ వినబడింది. ఖర్జూరం, నీళ్ళు అయ్యాక ఆమె నస్తాలీఖ్ నూన్ లాంటి జిలేబీని ఏరుకుని, ఒక ముక్క విరిచి పాలలో ముంచి నోట్లో పెట్టుకున్నది. మేమందరం ఆమె వైపే చూస్తున్నాము.

"అజీ, పాకం రెండో తీగ దాకా పోయింది" అన్నది. "రేపు కాస్త ముందే దించండి."